డ్రాయింగులో లేని తీగ

కోస్కిరంత, ఫిబ్రవరి 9, 2003

ఔలిస్ మావయ్యా,

ఆ సరస్సు ఒడ్డున ఫోను పెట్టించుకోనని నువ్వు మొండికేసిన దగ్గర్నుంచీ నాకు చేతిరాత మళ్లీ అలవాటైంది. ఇల్పో నా అక్షరాలు చూసి, "మీ మావయ్య వీటిని చదవడు, చేపలకు ఎర వేస్తాడు" అంటున్నాడు. మొగుడి వేళాకోళం భరించి మరీ రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

పోయిన వారం మన మిల్లులో మూడో నంబరు పేపర్ మిషన్ పంతొమ్మిది గంటలు ఆగిపోయింది. నీ నల్ల కేబుల్ మీద ఒక కార్డు చచ్చింది. మోటార్లూ కంట్రోలర్లూ మాట్లాడుకునేది బస్ అనే ఆ ఒక్క కేబుల్ మీదే కదా, ఒకటి మూగబోయేసరికి అన్నీ మూగబోయాయి. కార్డు చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన ఎత్తి, "ఆ బస్ తయారీ ఆపేసి ఆరేళ్లయిందమ్మా, మా మ్యూజియంలో ఒకటుంది, చూడ్డానికి రండి" అన్నాడు. చివరికి మూతపడిన ఒక మిల్లు తుక్కులో వెతికి, పిచ్చుక గూడు దులిపి, ఒక కార్డు తెచ్చాను. తల ప్రాణం తోకకొచ్చింది.

రైమో నన్ను గదిలోకి పిలిచాడు. ప్రొడక్షన్ మేనేజర్ అయ్యాక ఆయనకు కూర్చోమనడం కూడా చేతకావడం లేదు. "ఏ నెట్‌వర్క్ పెట్టాలో నువ్వే తేల్చు, సంతకం నువ్వే పెట్టు, జూన్‌లో యుహన్నుస్ పండగ సెలవుల్లో మార్చెయ్" అన్నాడు. అదే కంపెనీ కొత్త బస్ కొంటే మళ్లీ పాతికేళ్లు వాళ్ల గుప్పిట్లో ఉండాలి. కేబులూ వాళ్లదే, కార్డూ వాళ్లదే, రిపేరుకొచ్చే మనిషీ వాళ్లవాడే. అందుకే నా చూపు ఈథర్నెట్ మీద ఉంది. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే ఆ మామూలు ఈథర్నెట్టే. తీగ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఎవరు చేసిన పరికరమైనా దానికి తగిలించవచ్చు.

ఆ బస్ వేసింది నువ్వు. నీకు చెప్పకుండా పీకేస్తే నాకు నిద్ర పట్టదు. ఏమంటావు?

నీ సిర్కు


హుక్కలహ్తి, ఫిబ్రవరి 20

సిర్కూ,

ఉత్తరం చేపలకు వెయ్యలేదని ఇల్పోకు చెప్పు. అవి మంచి సరుకు తప్ప ముట్టవు.

ఈథర్నెట్టా? గుమాస్తాలు ప్రింటర్‌కు కాగితం పంపుకునే తీగ మీద నిమిషానికి తొమ్మిది వందల మీటర్లు పరిగెత్తే మిషన్ను నడుపుతావా? నా బస్‌లో అందరూ వంతులవారీగా మాట్లాడతారు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో గడియారం చూసి చెప్పొచ్చు. నీ ఈథర్నెట్‌లో సంతలోలాగా అందరూ ఒకేసారి అరుస్తారు. ఆగమన్న మాట ఆ గోలలో కలిసిపోతే ఎవరు బాధ్యులు? రైమోనా? వాడు చేతులు దులుపుకుని పోతాడు.

కార్డులు దొరకవంటే దొరికేదాకా వెతుకు. మూతపడ్డ మిల్లులు ఈ దేశంలో ఒకటా రెండా? పదేళ్లకు సరిపడా పోగెయ్యి. నడుస్తున్నదాన్ని కెలక్కు. నలభై ఏళ్లు ఆ మిల్లులో ఉన్నవాణ్ని, ఊరికే చెప్పడం లేదు.

మంచు రెండడుగుల మందం ఉంది. పొద్దున బొక్క కొట్టడానికే భుజాలు పడిపోతున్నాయి.

ఇల్పో ఇంకా ఆరబెట్టే సిలిండర్ల దగ్గరే పనిచేస్తున్నాడా? నలభై దాటాయి కదా. గోడౌన్‌కు మారమను. అక్కడ వేడి తక్కువ, హాయిగా ఉంటుంది.

మావయ్య


కోస్కిరంత, మార్చి 16

మావయ్యా,

నీ కోపం చూసి ముచ్చటేసింది. ఇల్పోకు గోడౌన్ మాట చెప్తే, "నన్ను ముసలాణ్ని చేస్తున్నాడా?" అని రోజంతా గొణిగాడు. సిలిండర్ల దగ్గరే ఉన్నాడు, అక్కణ్నుంచి కదలడు.

నిర్ణయం అయిపోయింది. ఈథర్నెట్టే. నువ్వు చెప్పిన సంత గోల ఇరవయ్యేళ్ల కిందటిది. ఇప్పుడు మధ్యలో స్విచ్‌లు ఉంటాయి, ఎవరి మాట వాళ్లకే నేరుగా చేరుతుంది. ఆఫీసు తీగతో దీన్ని కలపను, పూర్తిగా వేరేగా వేస్తాను. పది రోజులు షెడ్డులో ఒక నమూనా పెట్టి లక్షల మెసేజీలు పంపాం. ఒక్కటీ తప్పిపోలేదు, ఆలస్యం కాలేదు. నువ్వు చూస్తే నువ్వూ ఒప్పుకుంటావు, పైకి అనవు అంతే.

ఇప్పుడు నీ పాత ప్రోగ్రామ్‌ను డ్రాయింగులతో పోల్చి కొత్తగా రాస్తున్నాను. నువ్వు వివరణలు రాయకపోవడం వల్ల పడ్డ పాట్లు ఇక్కడ ఏకరువు పెట్టను. కానీ ఒక్క లైను మాత్రం కొరుకుడు పడటం లేదు. నూట పద్నాలుగో భాగంలో, సిలిండర్ల కింద ఉన్న ఏడో పెట్టెలోంచి ఒక సిగ్నల్ వస్తోంది. డ్రాయింగులో ఆ పెట్టెలో ఆ తీగే లేదు. పెట్టె తెరిచి చూశాను, బూడిదరంగు తీగ ఒకటి ఉంది, పేరు చీటీ లేదు. అది కేబుల్ బొంగులోకి పోయి కనిపించకుండా పోయింది. డ్రాయింగులో లేనిదాన్ని కొత్త ప్రోగ్రామ్‌లో పెట్టకూడదని మా నియమం.

అదేమిటి మావయ్యా? నువ్వు పెట్టిందేనా?

సిర్కు


హుక్కలహ్తి, మార్చి 30

సిర్కూ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మంచు మెత్తబడింది, బొక్కలోంచి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. అయినా నిన్న వెళ్లి మూడు డజన్ల మూయిక్కు చేపలు పట్టాను. సగం ఉప్పేశాను, సగం రై ధాన్యపు పిండిలో పొర్లించి వేయించుకున్నాను. ఒక్కడికి ఎక్కువే.

నువ్వడిగిన లైను ఏదో పాత దీపానికి. ఎప్పుడో మెట్ల దగ్గర ఒక లైటు ఉండేది, తీసేశారు. పట్టించుకోకు.

అయినా పాత కేబుల్‌ను ఎందుకు పీకడం? దాని మానాన దాన్ని ఉండనియ్యి. పక్కన నీ ఈథర్నెట్ వేసుకో. రెండూ ఒక ఏడాది కలిసి నడుస్తాయి. కాస్త ఓపిక పట్టడంలో తప్పేముంది?

ఎనభై ఎనిమిదిలో మూడో మిషన్ వారానికి మూడుసార్లు ఊరికే ఆగిపోయేది, నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు. దాన్ని నేను యుహన్నుస్ సెలవుల్లో బాగుచేశాను. తర్వాత ఏడాదంతా ఒక్కసారీ ఊరికే ఆగలేదు. డైరెక్టరు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మీ అమ్మ ఆ ఫోటో ఇప్పటికీ దాచే ఉంటుంది.

మావయ్య


కోస్కిరంత, మే 4

మావయ్యా,

దీపానిది అన్నావు కదా, ఆ లైను తీసేశాను. ఏడో పెట్టె కూడా పోతుంది. పాత కేబుల్‌ను ఉంచడం కుదరదు, కొత్త తీగలకు ఆ బొంగుల్లోనే చోటు కావాలి. జూన్ ఇరవైన మిషన్ ఆగుతుంది, ఇరవై మూడున మళ్లీ తిరగాలి. ఆ మూడు రోజులూ ఊరంతా పెద్ద పెద్ద పండగ మంటలేసి తాగి తూగుతుంటే మేం మిల్లులో కేబుళ్లు లాగుతూ ఉంటాం.

మే డేకు కౌకో మా ఇంటికి కాఫీకి వచ్చాడు. గుర్తున్నాడా, సిలిండర్ల దగ్గర ఇల్పోకు పని నేర్పినవాడు? సీమా అనే మే డే పానీయం రెండు గ్లాసులు పడేసరికి చొక్కా చెయ్యి మడిచి ఆ మచ్చ చూపించాడు. తొంభై నాలుగులో, కాగితాన్ని సిలిండర్లకు అదిమిపెట్టే గుడ్డ కొత్తది ఎక్కించి మిషన్ను మెల్లగా తిప్పుతుంటే చొక్కా చిక్కుకుని చెయ్యి మోచేతిదాకా రోలర్లో పోయింది. రెండో చేత్తో పక్కనున్న, మిషన్ను ఆపే తాడు లాగాడు, మిషన్ ఆగింది. "ఆ తాడే నాకు దేవుడురా, క్రిస్మస్‌కి దానికి దణ్ణం పెడతా" అని ఇల్పో భుజం మీద చరిచాడు. ఇల్పో, "నేను రోజూ దానికి వీపు ఆనించే నిలబడతా" అన్నాడు. నవ్వుకున్నాం గాని నాకు ఒళ్లు జలదరించింది.

నువ్వు రావూ? నీ నల్ల కేబుల్‌ను నువ్వే కత్తిరిద్దువుగాని. పెద్ద కత్తెర నీకోసం దాచి ఉంచుతాను.

సిర్కు


హుక్కలహ్తి, మే 18

సిర్కూ,

నేను రాలేను. పడవకు తారు పూయాలి, మోకాలు కూడా బాగాలేదు.

ఒక్క పని చెయ్యి. మార్చడం అయ్యాక, మిషన్ తిరుగుతుండగా, ఆ తాడు లాగించు. ఆగి ఉన్నప్పుడు కాదు, తిరుగుతుండగా. తాడు లాగితే స్తంభం మీది దీపం వెలిగిందా లేదా అని చూడటం కాదు, మిషన్ ఆగిందా లేదా అని చూడు. ఎందుకని అడక్కు. ముసలాడి చాదస్తం అనుకో, కానీ చెయ్యి.

కౌకో మాట రాశావు. అతను బాగున్నందుకు సంతోషం.

మావయ్య


కోస్కిరంత, జూన్ 26

మావయ్యా,

తిరిగింది! సోమవారం పొద్దున ఆరున్నరకు మూడో మిషన్ కొత్త ఈథర్నెట్ మీద మొదలైంది. తొమ్మిదింటికల్లా పూర్తి వేగం అందుకుంది. నాలుగు రోజులుగా ఒక్క మెసేజీ తప్పలేదు. రైమో నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, అంతకంటే ఏం చెప్పను?

ఒక స్విచ్ మాత్రం మొదటిరోజు వేడెక్కింది. బజారుకెళ్లి మామూలు దుకాణంలో ఇంకోటి కొనుక్కొచ్చి గంటలో పెట్టేశాం. నీ బస్ అయితే మళ్లీ పిచ్చుక గూళ్లు వెతకాల్సి వచ్చేది. ఒప్పుకో.

నల్ల కేబుల్ తుక్కు లారీలో పోయింది. ఒక జానెడు ముక్క నీకోసం తీసి ఉంచాను.

తాడు కూడా చూశాం, నువ్వు చెప్పినట్టే. సరిగ్గా పనిచేస్తోంది. ఇక నిశ్చింతగా ఉండు.

ఇల్పో రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాడు. వచ్చే వారం కొత్త గుడ్డ ఎక్కిస్తారట, ఆ పని అయ్యాక ఇద్దరం నీ దగ్గరికి వచ్చి సౌనా ఆవిరి గదిలో కూర్చుంటాం.

సిర్కు


హుక్కలహ్తి, జులై 2

సిర్కూ,

మిషన్ తిరుగుతుండగా నువ్వు తాడు లాగలేదు. దీపం చూసి సంతకం పెట్టావు. నాకెలా తెలుసంటే, ఆ తాడు పనిచెయ్యడం అసాధ్యం.

నిన్న మీ ఇంటికి ఫోన్ వచ్చింది కదా, అది నేనే. దుకాణం నుంచి చేశాను. ఇల్పో ఎత్తాడు. "మావయ్యా, గొంతేమిటి అలా ఉంది?" అన్నాడు. చేపల సంగతి చెప్పి పెట్టేశాను. అతనితో మాట్లాడుతూ కూడా చెప్పలేకపోయాను. నా బతుకులో ఇంత సిగ్గుపడింది లేదు.

ఇప్పుడు చెప్తున్నాను. డ్రాయింగులో ఆ తాడు తీగ నేరుగా మోటార్ ప్యానెల్‌కు పోతుంది. చట్టం ప్రకారం అలాగే పోవాలి. కానీ ఎనభై ఎనిమిదిలో ఆ తీగ ఆవిరికి నాని పాడైంది. మిషన్ ఊరికే ఆగిపోతూ ఉండేది అందువల్లే. కొత్త తీగ లాగడానికి సెలవుల్లో టైము చాలలేదు. ఆ తీగను తెంచి, తాడును పక్కనే ఉన్న ఏడో పెట్టెకు కలిపి, ఆగమన్న మాటను బస్ మీదుగా పంపాను. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాశాను, నువ్వు తీసేసింది అదే. ప్యానెల్లో పాత తీగ ఉండాల్సిన చోట రెండు స్క్రూలనూ చిన్న తీగ ముక్కతో కలిపేశాను. తాడు అంతా బాగుందని ప్యానెల్ అనుకుంటుంది. స్తంభం మీది దీపం వేరే తీగ, తాడు లాగితే అది ఎప్పుడైనా వెలుగుతుంది.

శరదృతువులో సరిచేద్దాం అనుకున్నాను. ఇంతలో డైరెక్టరు చెయ్యి ఊపాడు, నన్ను చీఫ్‌ను చేశారు. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. పదిహేనేళ్లు అది పనిచేసింది, కౌకోను కూడా కాపాడింది. నేను సమాధానపడ్డాను.

నువ్వు అడిగినప్పుడు దీపం అని అబద్ధం చెప్పాను. నీ ఈథర్నెట్‌ను తిట్టింది కూడా అందుకే. నీ తీగలో ఏ తప్పూ లేదు.

ఈ ఉత్తరాన్ని పొద్దుటి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రానికి నీకు అందాలి. గుడ్డ ఎక్కించనివ్వకు. ఇల్పోను అక్కణ్నుంచి జరిపించు.

ఔలిస్


కోస్కిరంత, జులై 5

ఔలిస్ గారికి,

మీ ఉత్తరం బుధవారం సాయంత్రం ఐదింటికి అందింది. చదువుతూనే కారెక్కాను. ఇల్పో షిఫ్టులోనే ఉన్నాడు.

సిలిండర్ల దగ్గరికి వెళ్లి ఎవరికీ చెప్పకుండా తాడు లాగాను. దీపం ఎర్రగా వెలిగింది. మిషన్ ఆగలేదు. కాగితం కూడా తెగలేదు. ఇంకోసారి లాగాను, బలం కొద్దీ, నా చేతి తొడుగు చిరిగింది. సిలిండర్లు అలాగే తిరుగుతున్నాయి. ఇల్పో నావైపు, దీపంవైపు మార్చి మార్చి చూశాడు. "ఏంటే ఇది?" అన్నాడు. అతని వీపు ఇంకా ఆ తాడుకే ఆని ఉంది. చెయ్యి పట్టుకుని లాగేశాను. తర్వాత కంట్రోల్ రూమ్‌కు పరిగెత్తి మిషన్ ఆపించాను.

రైమో వచ్చి నానా రభసా చేశాడు. "ఎవరి అనుమతితో ఆపావ్? ఎవడు రాశాడు ఆ ఉత్తరం?" అన్నాడు. నేను మీ పేరు చెప్పాను. నా పేరూ చెప్పాను. యుహన్నుస్ తర్వాత మిషన్ తిరుగుతుండగా తాడు లాగిద్దాం అని నేనంటే, "కాగితం తెగితే మళ్లీ ఆరు గంటలు పోతాయ్, దీపం చూసి కానిచ్చెయ్" అన్నది రైమోయే. కానీ పరీక్షించాం అని రాసి ఉన్న కాగితం కింద ఉన్న సంతకం నాది. మీకు పనిచేస్తోందని రాసిందీ నేనే. మీరు చెప్పినా వినలేదు. ఆ సంగతి కూడా సోమవారం కార్మిక ఇన్‌స్పెక్టరుకు చెప్తున్నాను. మీ ఉత్తరం ఆయనకే ఇస్తాను.

శుక్రవారం గుడ్డ ఎక్కించాల్సిన ముఠాలో ఇల్పోతో కలిపి ఐదుగురున్నారు. వాళ్ల పేర్లు నాకు కంఠతా వచ్చు, పెళ్లాల పేర్లు కూడా.

ఇల్పో రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నిన్న పళ్లెం ముందు కూర్చుని, "మీ మావయ్య నాకు రెండో నాన్న లెక్క. ఇన్నాళ్లూ ఆ తాడు నమ్ముకున్నాను. ఈ పది రోజులూ నా వెనకాల ఏమీ లేదన్నమాట" అన్నాడు. తినకుండా లేచిపోయాడు.

తీగ నేరుగా ప్యానెల్‌కు లాగిస్తున్నాం. ఈథర్నెట్ మీదుగా కాదు, దేని మీదుగానూ కాదు. అది అయ్యేదాకా మిషన్ తిరగదు.

ఒక్క ప్రశ్న. ఈసారి నిజం రాయండి. ఇంకెక్కడైనా ఇలా చేశారా?

సిర్కు


హుక్కలహ్తి, జులై 12

సిర్కూ,

నన్ను గారు అన్నావు. అనాల్సిందే.

ఇన్‌స్పెక్టరు నిన్న వచ్చాడు, అబ్బాయి మర్యాదస్తుడు. కాఫీ తాగాడు, అడిగిందల్లా చెప్పాను, కింద సంతకం పెట్టాను. కోర్టుకు వెళ్లాల్సి ఉండొచ్చన్నాడు. వెళ్తాను. నీ సంతకం విషయం అడిగితే, నేను అబద్ధం చెప్పకపోయి ఉంటే ఆ సంతకం అవసరమే వచ్చేది కాదని చెప్పాను. ఇల్పోకు వేరే ఉత్తరం రాస్తున్నాను. చదవకపోతే అతనిష్టం.

నువ్వు అడిగినదానికి జవాబు, అవును. మన మిల్లులోనే, రెండో నంబరు మిషన్. మూడోదానిలో పని బాగా జరిగిందని తర్వాతి యుహన్నుస్‌కి దానిలోనూ అదే చేశాను. అప్పుడు సగం రోజు కూడా పట్టలేదు.

తొంభై ఆరులో దాన్ని విప్పి నూట డెబ్బై పెట్టెల్లో సర్ది ఓడెక్కించారు. డ్రాయింగులు నేనే ఇచ్చాను, శుభ్రంగా, కొత్తగా గీయించి. వాటిలో తాడు నేరుగా ప్యానెల్‌కు పోతుంది. కొన్న బ్రోకరుకు సోమవారం ఉత్తరం రాశాను, ఆ కంపెనీ లేదని తిరిగొచ్చింది. రేవు కాగితాలు చూసిన ఇన్‌స్పెక్టరు ఆ మిషన్ ఆసియాలో ఎక్కడో దిగి, రెండు చేతులు మారిందని మాత్రం చెప్పగలిగాడు.

ఆ బస్ కార్డులు అక్కడా చచ్చి ఉంటాయి, లేదా చావబోతుంటాయి. నీలాంటి తెలివైన పిల్ల ఎవరో ఈథర్నెట్టే మేలని తేల్చుకుంటుంది. నా డ్రాయింగులు ముందు పెట్టుకుని ప్రోగ్రామ్ రాస్తుంది. నూట పద్నాలుగో భాగంలో ఒక లైను ఆమెకు అర్థం కాదు. అడగడానికి ఆమెకు నా చిరునామా తెలియదు.

వారం రోజులుగా బల్ల ముందు కూర్చుని ఆ అమ్మాయికి ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఏ ఊరని రాయాలో తెలియదు. ఏ భాషలో రాయాలో కూడా నాకు తెలియదు.

ఔలిస్